సగం హెచ్‌పీ లేతుకు చెక్క ఫ్రేమ్ ఆగుతుందా?

ఆగుతుంది. "రెండేళ్లలో వదులైపోతుంది" అని మీ వెల్డింగ్ షాపు మిత్రుడు అన్న మాట కూడా కొట్టిపారేసేది కాదు. చెక్కలో నార ఎటు పోతోందో చూసుకోకుండా కడితే రెండేళ్లు కూడా అక్కర్లేదు, ఒక్క వానాకాలం చాలు.

మీరు రాసినదాన్ని బట్టి మీ దగ్గరున్నవి ఇవి: పెరట్లో రేకుల షెడ్డు, హోటల్ గ్రైండర్ నుంచి తీసిన సగం హెచ్‌పీ 1440 ఆర్‌పీఎం (నిమిషానికి 1440 చుట్లు) మోటారు, పాత ఇల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు దూలాలు, కొన్ని మామిడి పలకలు. లేతు మీద తిప్పుతూ ఉలితో చెక్కాలనుకున్నవి బొమ్మలు, కుంకుమ భరిణెలు, పప్పుగుత్తులు, ఎప్పుడైనా ఒక గిన్నె. అడిగినవి మూడు. చెక్క ఫ్రేమ్ చాలా, యాంగిల్ ఇనుము కొనాలా? ఏ చెక్క ఎక్కడ వాడాలి? మోటారూ, ఉలులు నూరుకునే గ్రైండరూ అదే ఫ్రేమ్ మీద పెట్టొచ్చా? మొదటిదానికే జవాబు పొడవు, కాస్త ఓపిక పట్టండి.

ముందు ఇనుము సంగతి. ఒకే సైజు ముక్కలు రెండు పక్కపక్కన పెడితే ఇనుము టేకు కంటే దాదాపు 18 రెట్లు తక్కువ వంగుతుంది. అందుకే అందరూ ఇనుమే అంటారు. కానీ దూలం బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, దాని ఎత్తుతో పాటు ఊరికే పెరగదు, ఎత్తు రెట్టింపైతే బిగువు 8 రెట్లవుతుంది. వెడల్పు కూడా రెట్టింపు చేస్తే 16 రెట్లు. ఆ లెక్కన 40 మి.మీ. చదరపు సాలిడ్ ఇనుప కడ్డీ ఎంత బిగువో, 83 మి.మీ. చదరపు టేకు దూలమూ సుమారుగా అంతే. మీటరు పొడవుకు ఇనుము పన్నెండున్నర కిలోలు, టేకు నాలుగున్నర. మీ మిత్రుడు చెప్పేది సాలిడ్ కడ్డీ కూడా కాదు, 40×40×5 యాంగిల్. దాని బిగువు ఆ కడ్డీలో పావు వంతే. మెలికకైతే యాంగిల్ అసలు ఆగదు, మీటరు ముక్క ఒక చివర బిగించి రెండో చివర చేత్తో తిప్పి చూడండి. పైగా మోటారు తిరిగినంతసేపూ మోగుతుంది. లావుపాటి చెక్క ఆ అదురును తనలో మింగేస్తుంది.

ఇనుప బెడ్‌లు (లేతు భాగాలన్నీ కూర్చునే పొడవాటి పీఠాలు) రాకముందు చెక్క పని చేసే లేతులన్నీ చెక్కవే. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే మరలు కోసే లేతును లోహంతో కట్టాడంటే, లోహం పనిలో మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి. మీ పనిలో ఉలి మీ చేతిలో ఉంటుంది. అర మిల్లీమీటరు అటూఇటూ అయితే చెయ్యే సర్దుకుంటుంది. ఇనుమూ ఇత్తడీ కోసే లేతు కట్టాలనుకుంటే మాత్రం నేను చెప్పేదేదీ పనికిరాదు.

బిగువు సరిపోతుంది కదా, మరి ఎందుకు వదులవుతుంది? చెక్క కదులుతుంది కాబట్టి.

నార పొడవునా చెక్క దాదాపు కదలదు. అడ్డంగా కదులుతుంది. పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి టేకు ఉంగరాల (చెట్టు ఏటేటా పెరిగిన వలయాల) వెంట 5 శాతం అటూఇటూగా కుంచించుకుపోతుంది, ఉంగరాలకు అడ్డంగా అయితే అందులో సగం. మన వాడకంలో అంత తేడా రాదనుకోండి. ఎండాకాలం లోపలి జిల్లాల్లో చెక్క తేమ 7, 8 శాతానికి దిగుతుంది, వానల్లో కోస్తా వైపు 16 దాకా ఎక్కుతుంది. మీ రేకుల షెడ్డులో మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకీ ఉండే తేడా దీనికి అదనం. 100 మి.మీ. వెడల్పున్న టేకు ముక్క ఏడాదిలో సుమారు ఒక మిల్లీమీటరు లావెక్కి మళ్లీ తగ్గుతుంది.

ఆ మిల్లీమీటరును ఏ బోల్టూ ఆపలేదు. ఆపబోతే చెక్క చీలుతుంది, లేదా వాషర్ కింద నలిగి ఎండలు రాగానే బోల్టు గలగలలాడుతుంది. అందుకని కదలకూడని కొలత ఎక్కడుందో అక్కడ నార పొడవు పడేట్టు ముక్క కోయాలి. కదలక తప్పని చోట రెండు వైపులా ఒకేలా కదిలేట్టు, ఒకే దూలం నుంచి కోయాలి. చెక్క లేతు మొత్తం ఈ మాట మీదే నిలబడుతుంది. ఎక్కడెక్కడో చెప్తాను.

బెడ్‌కు రెండు 5×3 అంగుళాల దూలాలు తీసుకోండి, నాలుగున్నర అడుగుల పొడవు. 5 అంగుళాల వైపు నిలువుగా ఉండాలి. 5×3 ఎందుకంటే అది గుమ్మాల సైజు, ఏ అడితిలో అడిగినా సిద్ధంగా ఉంటుంది, మీ పాత దూలాలు సామిల్లులో కోయించినా ఆ సైజు తేలిగ్గా వస్తుంది. రెండింటినీ 50 మి.మీ. సందుతో పక్కపక్కన పెట్టండి. ఈ సందులోనే టెయిల్‌స్టాక్ (తిరిగే ముక్క కుడి చివరను పట్టుకునే, బెడ్ మీద జరిగే దిమ్మ) అడుగున ఉండే నాలుక జారుతుంది, దాన్ని బిగించే బోల్టూ ఇందులోంచే దిగుతుంది. సందు నిలబెట్టడానికి కుడి చివర ఒకటి, ఎడమ చివర హెడ్‌స్టాక్ (ముక్కను తిప్పే షాఫ్టు కూర్చునే భాగం) కింద రెండు అడ్డముక్కలు పెట్టాలి. మధ్యలో పెట్టకండి, టెయిల్‌స్టాక్ దారి మూసుకుపోతుంది.

ఈ అడ్డముక్కల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 50 మి.మీ. మందం పలక చేతిలో ఉంటుంది కదా అని దాన్నే దూలం వెంబడి పొడుగ్గా దూర్చేస్తారు. చూడ్డానికి అందంగా ఉంటుంది, జిగురూ బాగా పడుతుంది. వానాకాలం రాగానే ఆ పలక అడ్డంగా ఉబ్బి సందు అర మిల్లీమీటరు వెడల్పవుతుంది, టెయిల్‌స్టాక్ ఆడుతుంది. ఎండలొచ్చాక సందు బిగిసి నాలుక కదలనే కదలదు. అలా కాకుండా, నార ఒక దూలం నుంచి రెండో దూలం వైపు పోయేట్టు కోయండి. ముక్కకున్న రంపపు కోత ముఖాలు, అంటే నార చివరలు కనిపించే ముఖాలు, దూలాలకు ఆనాలి. అప్పుడు ఏ కాలమైనా సందు 50 దగ్గరే ఉంటుంది. దూలాలు ఉబ్బినా బయటి వైపుకే ఉబ్బుతాయి, దాంతో మనకు పనిలేదు. టెయిల్‌స్టాక్ నాలుకకూ ఇదే సూత్రం: నార బెడ్‌కు అడ్డంగా ఉండాలి.

ప్రతి అడ్డముక్కకూ రెండు 12 మి.మీ. థ్రెడ్ రాడ్‌లు, దూలం, ముక్క, దూలం మూడింటినీ దూసుకుపోయేట్టు. వాషర్లు బజారులో దొరికే గుండ్రటివి చాలవు. 50 మి.మీ. చదరం, 6 మి.మీ. మందం ప్లేటు ముక్కలు కోయించి మధ్యలో బెజ్జం వేయించండి. మీ మిత్రుడికి ఈ పని ఇవ్వండి, సంతోషిస్తాడు.

ఇప్పుడు హెడ్‌స్టాక్. బేరింగులకు యూసీపీ 205 పిల్లో బ్లాకులు (కాళ్లున్న ఇనుప గూడులో కూర్చిన బేరింగులు) రెండు, 25 మి.మీ. షాఫ్టు. వీటిలో ఉన్న సుఖం ఏమిటంటే లోపలి బేరింగు గుండ్రటి గూడులో కూర్చుంటుంది కాబట్టి, చెక్క కాస్త వాలినా తనే సర్దుకుంటుంది. దీని కాళ్ల కింద నుంచి షాఫ్టు మధ్య దాకా ఎత్తు 36.5 మి.మీ. బోల్టు బెజ్జాల మధ్య దూరం 105 మి.మీ. బెజ్జాలు 10 మి.మీ. బోల్టుకు సరిపోతాయి. ఈ కొలతలు మన బెడ్‌కు కుదిరినట్టు కుదురుతాయి చూడండి. సందు 50, దాని మధ్య నుంచి ఒక్కో బోల్టు 52.5 దూరంలో పడుతుంది. దూలం లోపలి అంచు 25 దగ్గర ఉంది. అంటే బోల్టు దూలంలోకి 27 మి.మీ. లోపల దిగుతుంది, అంచు చీలే భయం లేదు.

5×4 అంగుళాల దూలం ఒకటి తీసుకుని, దాన్నుంచి వరసగా 200 మి.మీ. పొడవున్న మూడు దిమ్మలు కోయండి. కోసే ముందే మూడింటి మీదా ఒకే ముఖానికి పెన్సిల్‌తో బాణం గుర్తు వేసుకోండి, ఏ ముఖం పైకి రావాలో. రెండు దిమ్మలు హెడ్‌స్టాక్‌కు, మూడోది టెయిల్‌స్టాక్‌కు. 4 అంగుళాల వైపు ఎత్తు, నార బెడ్‌కు అడ్డంగా. మూడూ ఒకే చెట్టు, ఒకే దూలం, ఒకే ఉంగరాలు కాబట్టి వానల్లో మూడూ కలిసి మిల్లీమీటరు లేస్తాయి, ఎండల్లో కలిసి దిగుతాయి. హెడ్‌స్టాక్ మొనా టెయిల్‌స్టాక్ మొనా ఎదురెదురుగానే ఉంటాయి. హెడ్‌స్టాక్‌కు టేకూ టెయిల్‌స్టాక్‌కు మామిడీ వాడితే, లేదా ఒకదానిలో నార నిలువుగా, ఇంకోదానిలో అడ్డంగా పెడితే, ఆగస్టులో రెండు మొనలూ ఒకదానికొకటి దాటుకుంటాయి.

బిగింపు: బేరింగు కాలిలోంచి 10 మి.మీ. థ్రెడ్ రాడ్ దించి, దిమ్మ దాటి, బెడ్ దూలం అడుగుదాకా పోనివ్వండి. 270 మి.మీ. పొడవు రాడ్ సరిపోతుంది. అడుగున చదరపు ప్లేటు, నట్టు, దాని మీద లాక్ నట్టు. చెక్కలో బెజ్జం 10 కాకుండా 12 వేయండి, చెక్క కదలడానికి చోటుండాలి. దిమ్మను బెడ్‌కు జిగురు పెట్టి అంటించొద్దు. ఇక్కడ చెక్క స్క్రూలు ఒక్కటి కూడా వద్దు, ముఖ్యంగా జిప్సం బోర్డుకు వాడే ఆ నల్ల స్క్రూలు. ఊళ్లో ప్రతి కార్పెంటరు సంచిలోనూ అవే ఉంటాయి, అదురు తగిలితే తల పుటుక్కున తెగిపోతుంది.

రెండు బేరింగుల మధ్య 250 మి.మీ. దూరం ఉంచండి. పుల్లీ బేరింగుల మధ్య కాకుండా బెడ్ ఎడమ చివర దాటి బయట ఉంటే మంచిది. బెల్టు నేరుగా కిందికి దిగుతుంది, దూలాలు కోయాల్సిన పని ఉండదు, బెల్టు మార్చాలంటే షాఫ్టు విప్పక్కర్లేదు. పుల్లీని మాత్రం బేరింగుకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పెట్టండి. ఈ కొలతలకు షాఫ్టు ఎత్తు బెడ్ నుంచి 136 మి.మీ. వస్తుంది, అంటే పదిన్నర అంగుళాల గిన్నె దాకా తిరుగుతుంది. సగం హెచ్‌పీకి అదే ఎక్కువ.

టెయిల్‌స్టాక్ దిమ్మ 100 మి.మీ. ఎత్తే కాబట్టి దాని మీద ఇంకో 75 మి.మీ. ముక్క అదే నార దిశలో అంటించాలి. ఇక్కడ జిగురు పర్వాలేదు, రెండూ ఒకేలా కదులుతాయి. మొన ఎత్తులో పై 36 మి.మీ. ఇక్కడ చెక్క, అక్కడ బేరింగు ఇనుము. ఆ తేడా ఏడాది మొత్తం మీద అర మిల్లీమీటరు లోపే, దాన్ని వదిలేయండి. బెజ్జం మాత్రం స్కేలుతో కొలిచి వేయకండి. హెడ్‌స్టాక్ బిగించి, స్పిండిల్ (అంటే ఆ 25 మి.మీ. షాఫ్టే) ముక్కుకు డ్రిల్ చక్ పెట్టి, బిట్టు తగిలించి, టెయిల్‌స్టాక్‌నే బెడ్ మీద జరుపుతూ బిట్టు మీదికి నెట్టండి, బెల్టు అన్నిటికంటే నెమ్మది మెట్టు మీద ఉంచి. బెజ్జం తనంతట తానే స్పిండిల్ వరసలో పడుతుంది. ఏ కొలతా దీనికి సాటి రాదు. అందులో 20 మి.మీ. థ్రెడ్ రాడ్, రెండు వైపులా చెక్కలో అరాల్డైట్‌తో కూర్చిన నట్లు. కింద నుంచి బిగించడానికి 12 మి.మీ. బోల్టు, అడుగున అడ్డంగా ఒక ప్లేటు. పాతకాలం లేతుల్లో బోల్టు బదులు చెక్క చీల దిగ్గొట్టేవాళ్లు, ఇప్పుడూ అది బాగానే పనిచేస్తుంది.

చెక్క ఎంపిక. మీ పాత టేకును మించింది కొనలేరు. ఇంటికి దశాబ్దాలు పని చేసిన దూలం ఇక కొత్తగా మెలిక తిరగదు. అందులో చేవ భాగమే వాడండి, అంచుల్లో తెల్లగా ఉండే చెక్కకు పురుగు పడుతుంది. సామిల్లుకు తీసుకెళ్లే ముందు పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి దూలం పొడవునా పాకించండి. లోపల విరిగిన మేకు మిగిలిపోయి రంపం పళ్లు పోతే, వాళ్లు మళ్లీ మీ చెక్క ముట్టరు. కోయించాక వెంటనే పని మొదలెట్టకుండా షెడ్డులోనే, ముక్కకూ ముక్కకూ మధ్య చిన్న పుల్లలు పెట్టి గాలి ఆడేట్టు పేర్చి, కొన్ని వారాలు వదిలేయండి. చివరలకు పాత పెయింటు పూస్తే చీలికలు రావు. ఒక ముక్కను అప్పుడప్పుడు కాటా వేస్తూ ఉండండి, బరువు తగ్గడం ఆగిందంటే మీ షెడ్డు గాలికి అలవాటు పడినట్టే.

మామిడి పలకలు బెడ్‌కు వద్దు. కింది అరకూ, ఫ్రేమ్‌కు బరువు కోసం పెట్టే ఇసుక పెట్టెకూ వాడుకోండి, అదీ బోరాక్స్ నీళ్లు పట్టించాక, లేకపోతే పిండి రాలుతుంది. పాత దూలాలు లేనివాళ్లెవరైనా ఇది చదువుతుంటే: అడితిలో గుమ్మాలకు అమ్మే మలేషియా సాల్, వేగిస రెండూ బెడ్‌కు బాగుంటాయి, బరువు కూడా కలిసొస్తుంది. నల్లతుమ్మ బండి చక్రాలకు వాడిన చెక్క, ఎండినదైతే దాన్ని మించిన గట్టిది దొరకదు, ఎండనిది దొరికితే మాత్రం తలనొప్పి. నీలగిరి, సరుగుడు దూలాలు ఎంత చవకైనా వద్దు, మెలిక తిరుగుతాయి.

బెడ్ బిగించాక మెలిక చూడటానికి రసమట్టం ఒక్కటే నమ్ముకోకండి. రెండు చివర్లా బెడ్‌కు అడ్డంగా ఒక్కో తిన్నని పుల్ల పెట్టి, ఒక చివర నుంచి ఒక కన్ను మూసి చూస్తే ముందు పుల్ల అంచూ వెనక పుల్ల అంచూ సమాంతరంగా కనిపించాలి. రెండడుగుల పుల్లలైతే మిల్లీమీటరు మెలిక కూడా కంటికి దొరుకుతుంది. తేడా ఉంటే ఎత్తున్న మూల చిత్రిక పట్టండి.

కాళ్ల విషయంలో బలం కంటే ఊగిసలాటే సమస్య. ముందుకీ వెనక్కీ ఊగకుండా కాళ్లను బయటికి చాపండి, అడుగున రెండడుగుల వెడల్పు రావాలి. 3×3 కాళ్లు, పైనా కిందా అడ్డకర్రలు, సగం సగం కోసి కూర్చే అతుకు, ఫెవికాల్. ఇలాంటి రెండు గుర్రాలు (బెడ్‌ను మోసే కాళ్ల చట్రాలు) తయారవుతాయి. ఇవి జిగురుతో శాశ్వతంగా ఉండనివ్వండి, బెడ్‌ను మాత్రం వీటికి బోల్టులతోనే బిగించండి, రేపు షెడ్డు మారాలంటే విప్పుకోవచ్చు. ఫెవికాల్ మంచి జిగురే, కానీ ఎప్పుడూ బరువు లాగుతూ ఉండే చోట నెలల మీద మెల్లగా జారుతుంది. బరువు మోసేది చెక్క భుజమో బోల్టో కావాలి, జిగురు కాదు. ఇక పక్కకి, అంటే బెడ్ పొడవునా ఊగకుండా వెనక వైపు 12 మి.మీ. ప్లైవుడ్ పలక ఒకటి కాలి నుంచి కాలికి మూసేయండి. నాలుగు ఐమూల కర్రలు చేసే పని ఈ ఒక్క పలక చేస్తుంది. ఐఎస్ 710 మార్కు ప్లైవుడ్ అయితే కోస్తా తేమకు ఆగుతుంది, ఐఎస్ 303 కమర్షియల్ ప్లైవుడ్ అయితే అంచులన్నిటికీ పెయింటు వేయండి.

ఇసుక పెట్టె ఎందుకో ఒక లెక్క చెప్తాను. మీరు పెట్టిన ముక్క ఒక వైపు 50 గ్రాములు బరువెక్కువ, మధ్య నుంచి 3 అంగుళాల దూరంలో అనుకోండి. 1080 ఆర్‌పీఎం దగ్గర అది స్పిండిల్‌ను 5 కిలోల బరువుతో లాగుతుంది, సెకనుకు 18 సార్లు దిశ మారుస్తూ. 1920కి పెంచితే అదే 50 గ్రాములు 15 కిలోలు దాటి లాగుతుంది. తేలికైన ఫ్రేమ్ ఆ లాగుడికి నేల మీద నడుస్తుంది. ఒక ఘనపుటడుగు పొడి ఇసుక 45 కిలోలు తూగుతుంది. కాళ్ల మధ్య నేలకు దగ్గరగా రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అరడుగు లోతు పెట్టె కడితే సరిగ్గా అంత పడుతుంది. ఏటి ఇసుకే పోయండి, ఎండబెట్టి. సముద్రపు ఇసుకలో ఉప్పు తేమను లాగి బోల్టులు తుప్పు పట్టిస్తుంది. ఇన్ని చేసినా ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే ఫ్రేమ్ ఒణికి, దానికి కిందా పైనా నెమ్మదిస్తే, అది ఫ్రేమ్ సొంత ఊపు. ఆ వేగం వాడకండి, లేదా వెనక ప్లైవుడ్‌కు ఇంకో నాలుగు బోల్టులు వేసి చూడండి.

బెడ్ ఎత్తు పుస్తకాల్లో చూసి పెట్టకండి. నిలబడి మోచెయ్యి మడిస్తే మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో స్పిండిల్ మధ్య అంత ఎత్తుకు, కావాలంటే అంగుళం పైకి. కాళ్లు కాస్త పొడుగ్గా కోసుకుని తర్వాత తగ్గించుకోవచ్చు. కాలి అడుగులు సిమెంటు నేలను నేరుగా తాకనివ్వకండి, కింద రబ్బరు ముక్కలు పెడితే చెమ్మ ఎక్కదు, చెదలు కూడా చాటుగా రాలేవు.

మోటారును కింద, ఒక పలక మీద బిగించి, ఆ పలకను ఒక వైపు మడతబందులతో ఫ్రేమ్‌కు వేలాడదీయండి. దాని బరువే బెల్టును లాగి పట్టుకుంటుంది, చెక్క కదలికకు బెల్టు వదులయ్యే బాధ ఉండదు. 2, 3, 4, 5 అంగుళాల మెట్ల పుల్లీలు రెండు ఎదురుబొదురుగా వేస్తే 1440 మోటారుకు సుమారు 580, 1080, 1920, 3600 వేగాలొస్తాయి. 3600 మెట్టు వాడకండి. అంగుళాల్లో వ్యాసాన్ని ఆర్‌పీఎంతో గుణిస్తే 6000కీ 9000కీ మధ్య ఉండాలన్నది చెక్క తిప్పేవాళ్ల లెక్క. పదంగుళాల గిన్నె 580 మెట్టు దాటకూడదు. ఏటికొప్పాక లాంటి అంకుడు కర్ర బొమ్మలైతే వ్యాసం తక్కువ కాబట్టి 1920 హాయిగా వాడొచ్చు, లక్క కర్ర ఒత్తినప్పుడు కరగడానికి ఆ రాపిడి వేడి కావాలి కూడా.

మీ దగ్గరున్నలాంటి హోటల్ గ్రైండర్ మోటార్లకు తరచుగా గాలి ఆడే కంతలుంటాయి. అందులోకి చెక్కపొట్టు పోతే కాలుతుంది, నిప్పంటుకుంటుంది. మోటారుకూ స్పిండిల్‌కూ మధ్య అడ్డుగా పలక కొట్టండి, గాలి వెనక నుంచి ఆడనివ్వండి. వీలైతే పూర్తిగా మూసి ఉన్న మోటారుకు మారిపోండి.

కరెంటు విషయం చెక్క ఫ్రేమ్‌లో ఇనుము కంటే ప్రమాదం. ఇనుప ఫ్రేమ్‌కు ఒక్క చోట ఎర్త్ తగిలిస్తే మొత్తానికీ తగిలినట్టే. చెక్కలో ప్రతి లోహపు ముక్కా విడిగా ఉంటుంది. మోటారు ఒంటికి ఎర్త్ తీగ తప్పనిసరి, అక్కణ్నుంచి ఇంకో తీగ బేరింగు బ్లాకుకు. ఇక స్విచ్: మామూలు పియానో స్విచ్ పెట్టొద్దు. కరెంటు పోయి, మీరు ఉలి ముక్కకు ఆనించి ఏదో చూస్తుండగా మళ్లీ వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. చిన్న డీఓఎల్ స్టార్టరు పెట్టండి. కరెంటు పోగానే అందులోని కాయిల్ వదిలేస్తుంది, పచ్చ బటన్ మళ్లీ నొక్కితేనే తిరుగుతుంది. పొలం మోటారుకు ఆటో స్టార్టరు పెట్టి అలవాటైన వాళ్లు ఇక్కడా అదే తగిలిస్తారు, వద్దు.

అన్ని ముక్కలకూ, అడుగులతో సహా, రెండు పూతలు అవిసె నూనె పట్టించండి. పైకి కనిపించే వైపే పూసి అడుగు వదిలేస్తే ఒక వైపే తేమ పీల్చి పలక వంపు తిరుగుతుంది. మొదటి ఏడాది బోల్టుల మీద ఒక కన్నేసి ఉంచండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, చెక్క ఎండుతున్నప్పుడు, నెలకోసారి స్పానర్ వేయాల్సి వస్తుంది. వానల్లో ఉబ్బి బిగుసుకున్న బోల్టును ఇంకా బిగించకండి, అప్పుడే చెక్క నలుగుతుంది. ఒక వానాకాలం, ఒక వేసవి దాటాక బెడ్ పైముఖం ఒకసారి చిత్రిక పట్టి మళ్లీ మెలిక చూసుకుంటే, ఆ తర్వాత పెద్దగా జరగదు.

ఉలులు నూరే గ్రైండర్ మాత్రం ఈ ఫ్రేమ్ మీద వద్దు. దాని రాతిపొడి బెడ్ మీద పడితే టెయిల్‌స్టాక్ జారిన ప్రతిసారీ చెక్కను గీకుతుంది, దాని నిప్పురవ్వలు కింద పోగైన చెక్కపొట్టులో పడతాయి. ఉలులు నూరడానికి తిప్పలు పడకుండా లేతుకు రెండడుగులు పక్కన గోడకు ఒక చిన్న అర బిగించండి, మధ్యలో ఓ రేకు ముక్క నిలబెట్టండి. మీ మామిడి పలకల్లో మిగిలింది దానికి సరిపోతుంది.